వన్స్‌మోర్‌కి లొంగని పాట

లండన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు 2025 సెప్టెంబర్‌లో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. నవంబర్‌లో ఓ2 అరీనాలో జరగబోయే రేడియోహెడ్ కచేరీకి టికెట్ దొరికిందట. పెళ్లి కుదిరినంత సంబరంగా చెప్పాడు. చెప్పి, ఊపిరైనా తీసుకోకుండా అడిగాడు: "మామయ్యా, క్రీప్ పాడతారంటావా?"

పాడొచ్చు, పాడకపోవచ్చు అన్నాను. వాడికి ఆ జవాబు రుచించలేదు. అంత డబ్బు పోసి వెళ్తే ఆ ఒక్క పాటా పాడకపోవడం ఏం న్యాయమని వాడి వాదన. ఫోన్ పెట్టేశాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే ప్రయోగాలు చేసే రాక్ బ్యాండ్ల కథంతా ఈ పేచీ చుట్టూనే తిరిగింది. బ్యాండేమో మారిపోతుంది. జనం గుండెలో మాత్రం వాళ్లకి మొదటిసారి వినపడ్డ పాటే ఉండిపోతుంది. ఆ రెండూ ఎదురుపడే చోటు కచేరీ.

మన పద్యనాటకాల వాళ్లకి ఈ పేచీ కొత్తేం కాదు. రాయబారం సీన్లో కృష్ణుడు రాగం తీసి పద్యం ముగించగానే పందిట్లోంచి "వన్స్‌మోర్" కేకలు. చచ్చిపడిపోయిన పాత్ర లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయిన కథలు కోస్తా జిల్లాల్లో ఊరికొకటి చెబుతారు. అక్కడ నటుడికీ ప్రేక్షకుడికీ ఒప్పందం స్పష్టం. పద్యం అందరికీ కంఠతా వచ్చు, ఈ రాత్రి ఈ గొంతు దాన్ని ఎంతసేపు సాగదీస్తుందన్నదే తేల్చుకోవాలి. రాక్ సంగీతంలోనూ చాలా బ్యాండ్లు ఈ ఒప్పందం మీదే బతుకుతాయి. దాన్ని ఒప్పుకోని కొన్ని బ్యాండ్లున్నాయి. వాటి సంగతే ఇది.

ముందు రేడియోహెడ్ సంగతి చూద్దాం. ఈ బృందం చివరిసారి కలిసి వాయించింది 2018 ఆగస్టు 1న, ఫిలడెల్ఫియాలో. ఏడేళ్ల తర్వాత 2025 నవంబర్ 4న మాడ్రిడ్‌లో మళ్లీ వేదికెక్కింది. మాడ్రిడ్, బొలోన్యా, లండన్, కోపెన్‌హేగెన్, బెర్లిన్: అయిదు ఊళ్లు, ఊరికి నాలుగు రాత్రులు, మొత్తం 20 కచేరీలు. అప్పటికి కొత్త ఆల్బమ్ లేదు. చివరిది ‘ఎ మూన్ షేప్డ్ పూల్’ వచ్చి తొమ్మిదేళ్లు దాటింది. 2024లో ఊరికే సరదాగా కలిసి సాధన చేశామనీ, బాగుందనిపించిందనీ డ్రమ్మర్ ఫిలిప్ సెల్వే చెప్పాడు. అంతకుమించి వివరణ లేదు.

మనుషులు మాత్రం మారలేదు. 1985లో ఇంగ్లండ్‌లోని ఆబింగ్‌డన్ బడిలో శుక్రవారాలు సాధన చేసుకుంటూ, అందుకే ‘ఆన్ ఎ ఫ్రైడే’ అని పేరు పెట్టుకున్న ఆ అయిదుగురే ఇప్పుడూ ఉన్నారు. గాయకుడు థామ్ యార్క్, గిటార్లు ఎడ్ ఓబ్రయన్, జానీ గ్రీన్‌వుడ్, బేస్ వాయించే అన్న కాలిన్ గ్రీన్‌వుడ్, డ్రమ్స్ సెల్వే. నలభై ఏళ్లు అయిదుగురు మనుషులు ఒక్కచోట ఉండటం ఉమ్మడి కుటుంబాల్లోనే అరుదైపోయింది, ఇక రాక్ బ్యాండ్ల సంగతి చెప్పాలా.

వీళ్లకి తగిలించే ‘ఇండీ’ అన్న మాట దగ్గర ఒక పేచీ ఉంది. స్వతంత్ర సంస్థల నుంచి పాటలు విడుదల చేసుకునే బృందాలకి పుట్టిన పేరది. రేడియోహెడ్ 1991లోనే ఈఎంఐ అనే మహాసంస్థతో సంతకం చేసింది. ఆ ఒప్పందం తీరాకే, 2007 అక్టోబర్‌లో ‘ఇన్ రెయిన్‌బోస్’ని తమ వెబ్‌సైట్‌లో పెట్టి, మీకు తోచినంత ఇచ్చి తీసుకోండి అన్నారు. సున్నా అయినా సరే. అంటే చాలామంది స్వతంత్రంగా మొదలై పెద్ద కంపెనీలో తేలితే, వీళ్లు పెద్ద కంపెనీలో మొదలై స్వతంత్రులయ్యారు. నా లెక్కలో ఇండీ అనిపించుకోవడానికి కంపెనీ పేరు కంటే, జనం అడిగిందాన్ని కాదనగల మొండితనం ముఖ్యం. ఆ మొండితనం వాళ్లకి నేర్పింది మా వాడు అడిగిన పాటే.

‘క్రీప్’ 1992 సెప్టెంబర్‌లో సింగిల్‌గా వచ్చినప్పుడు బ్రిటన్‌లో ఎవరూ పట్టించుకోలేదు. ముందు ఇజ్రాయెల్‌లో రేడియోలో పదేపదే వేయడంతో అక్కడ హిట్టయింది, తర్వాత అమెరికా, ఆ తర్వాతే సొంత దేశం. పల్లవికి ముందు గిటార్ మీద వచ్చే ఆ మొరటు దెబ్బలు, పాట నచ్చక చెడగొడదామని జానీ కొట్టినవని చెబుతారు. చెడగొట్టబోయిన చోటే జనం ఊగిపోయారు. ఏడాది తిరిగేసరికి ఆ ఒక్క పాట కోసమే హాళ్లు నిండటం, అది అయిపోగానే సగం ఖాళీ అవ్వడం. దాని మీద కసితో రాసిన పాట ‘మై ఐరన్ లంగ్’. ఊపిరాడేలా చేస్తూనే మనిషిని పెట్టెలో బంధించే యంత్రం పేరు దానికి. హిట్టు మీద ఇంతకంటే కచ్చితమైన ఉపమానం నేను వినలేదు. ఇంకో సంగతి: ఆ పాట వాద్యభాగం స్టూడియోది కాదు. 1994 మేలో లండన్ ఆస్టోరియాలో చేసిన కచేరీ రికార్డింగ్ తీసుకుని, గాత్రం మాత్రం మళ్లీ పాడారు. పాటలు వేదిక మీద తయారవడం వీళ్లకి అక్కడ మొదలైంది.

1997లో ‘ఓకే కంప్యూటర్’. ఆ ఆల్బమ్ గురించి అందరూ రాశారు, నేను దాటేస్తాను. దాని తర్వాతి పర్యటన గురించి మాత్రం దాటేయకూడదు. గ్రాంట్ గీ తీసిన ‘మీటింగ్ పీపుల్ ఈజ్ ఈజీ’ అనే డాక్యుమెంటరీలో ఆ పర్యటన కనిపిస్తుంది. విమానాశ్రయాలు, ఫొటోలు, ఒకే ప్రశ్నకి వందో జవాబు. అందులో యార్క్ ముఖం చూస్తే, తన గొంతు తనకే పరాయిదైపోయిన మనిషి కనిపిస్తాడు. ఇంటికొచ్చాక పాట రాయలేకపోయాడు. గిటార్ ముట్టబుద్ధి కాలేదు. వార్ప్ అనే సంస్థ విడుదల చేసిన ఎలక్ట్రానిక్ సంగీతం తెచ్చుకుని, మాటల్లేని శబ్దాలు వింటూ కూర్చున్నాడు.

2000 అక్టోబర్‌లో వచ్చిన ‘కిడ్ ఎ’ అక్కడి నుంచి పుట్టింది. సింగిల్ లేదు, మామూలు వీడియో లేదు, గిటార్లు బాగా తగ్గిపోయాయి. ముగ్గురు గిటారిస్టులున్న బ్యాండ్‌లో గిటార్ అక్కర్లేదంటే మిగతావాళ్లు ఏం చేయాలి? ఎడ్ ఓబ్రయన్ ఆ రోజుల్లో రాసిన డైరీలో ఈ తికమక దాచుకోలేదు. నవలాకారుడు నిక్ హోర్న్‌బీ ‘న్యూయార్కర్’లో పెదవి విరిచాడు. సంగీత వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ పదికి పది వేసింది. ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికెక్కింది.

దీన్ని ఒక్క రాత్రిలో జరిగిన తిరుగుబాటులా రాయడం అలవాటైపోయింది. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. ‘ఓకే కంప్యూటర్’ మొదటి పాట ‘ఎయిర్‌బ్యాగ్’ డ్రమ్స్ వినండి. సెల్వే వాయించిన కాసేపటి ముక్కని కంప్యూటర్‌లో తరిగి అతికించిన తాళమది. ‘ఫిట్టర్ హ్యాపియర్’లో మాట్లాడేది మనిషే కాదు, కంప్యూటర్. విత్తనాలు మూడేళ్ల ముందే పడ్డాయి. జనం గిటార్ల హోరులో గమనించలేదు, అంతే.

అసలు తిరుగుబాటు కచేరీల్లో జరిగింది. ఆల్బమ్ రావడానికి ముందే, 2000 వేసవిలో మధ్యధరా తీరపు ఊళ్లలో కచేరీలు పెట్టి కొత్త పాటలు వాయించారు. ఒక్క రోజులో ఆ రికార్డింగులు ఇంటర్నెట్‌లో పాటలు పంచుకునే నాప్‌స్టర్‌లో తిరిగాయి. ఎప్పుడూ అచ్చుకాని పాటకి జనం వంతపాడటం వాళ్లు అప్పుడు చూశారు. ఆ శరత్కాలంలో ప్రకటనల బోర్డులు లేని చోటు కావాలని, తమకోసం కుట్టించుకున్న పెద్ద గుడారాన్ని లారీల్లో వేసుకుని ఐరోపా అంతా తిరిగారు. మన సురభి వాళ్లు గుర్తొచ్చారు నాకు. ఊరూరా డేరా, డేరాలో మాయాబజారు.

సరే, ఆ గుడారంలో వినిపించిందేమిటి? రికార్డులో చల్లగా, మనిషి జాడ లేనట్టుండే పాటలు అక్కడ చెమటోడ్చాయి. ‘ఇడియోటెక్’ ఆల్బమ్‌లో యంత్రతాళం. వేదిక మీద సెల్వే దాన్ని చేతుల్తో వాయిస్తుంటే, జానీ తీగల స్విచ్‌బోర్డు లాంటి సింథ్ ముందు వంగి ప్లగ్గులు మారుస్తుంటే, యార్క్ పూనకం వచ్చినవాడిలా తల ఊపుతుంటే, అది పక్కా నాట్యగీతం. ‘ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్’లో యార్క్ పాడుతున్న గొంతునే అప్పటికప్పుడు పట్టుకుని, ముక్కలు చేసి, మళ్లీ అతని ముఖానే విసిరేవాళ్లు గిటారిస్టులిద్దరూ. చేతిలో గిటార్ లేని గిటారిస్టుకి దొరికిన కొత్త పని అది. ఓబ్రయన్ తికమకకి జవాబు వేదిక మీదే దొరికింది.

2001 జులై 7న సొంతూరు ఆక్స్‌ఫర్డ్ సౌత్ పార్క్‌లో కచేరీ. దాదాపు నలభై వేల జనం. చివర్లో ‘మోషన్ పిక్చర్ సౌండ్‌ట్రాక్’ మొదలుపెడితే కీబోర్డు మొరాయించింది. ఎంతకీ పలకదు. అప్పుడు, అన్నేళ్లుగా పక్కన పెట్టిన ‘క్రీప్’ ఎత్తుకున్నారు. ప్రయోగపు యంత్రం చెడిపోతే, పెట్టె అడుగున దాచిన పాత పాట ఆదుకుంది. వన్స్‌మోర్‌కి లొంగలేదు గానీ, కరెంటుకి లొంగారు.

ఈ చిక్కుని మిగతావాళ్లు ఎలా విప్పుకున్నారో చూస్తే రేడియోహెడ్ దారి ఇంకా బాగా కనిపిస్తుంది.

అన్నిటికంటే తెగింపు దారి టాక్ టాక్‌ది. ఎనభైల్లో సింథ్ పాప్‌తో పేరు తెచ్చుకున్న ఈ లండన్ బృందం 1986 తర్వాత కచేరీలే మానేసింది. చీకటి చేసిన స్టూడియోలో నెలల తరబడి కూర్చుని, ఎవరెవరినో పిలిచి వాయింపజేసి, వాయించిందాంట్లో ఎక్కువ భాగం చెరిపేసి, 1988లో ‘స్పిరిట్ ఆఫ్ ఈడెన్’, 1991లో ‘లాఫింగ్ స్టాక్’ తయారుచేశారు. ఆ నిశ్శబ్దాల్ని హాల్లో మళ్లీ పుట్టించడం కుదరదని గాయకుడు మార్క్ హోలిస్ తేల్చేశాడు. 2019లో పోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. గౌరవించాల్సిన నిర్ణయమే. కానీ ఆ ఆల్బమ్‌లు విన్నప్పుడల్లా నాకు గాజుపెట్టెలో పెట్టిన వీణని చూసినట్టుంటుంది.

బాల్టిమోర్ నుంచి వచ్చిన యానిమల్ కలెక్టివ్ దీనికి పూర్తిగా ఎదురు. వాళ్లు ఎక్కువగా ఇంకా రికార్డు కాని పాటలే వాయిస్తారు. ఆల్బమ్ బయటికొచ్చి జనం నేర్చుకునేసరికి, వాళ్లు తర్వాతి ఆల్బమ్ పాటల్లో ఉంటారు. 2009లో వాళ్లకి అందరికంటే ఎక్కువ పేరు తెచ్చిన ఆల్బమ్‌కి మేరీల్యాండ్‌లోని ఒక కచేరీ ప్రాంగణం పేరే పెట్టుకున్నారు: ‘మెరీవెదర్ పోస్ట్ పెవిలియన్’. తెలిసిన పాట వినడానికొచ్చినవాళ్లు మాత్రం తెల్లముఖం వేసుకుని ఇంటికి పోయేవాళ్లు.

షికాగో బృందం విల్కో కథలో జనమే ముందుకెళ్లిపోయారు. ‘యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్’ విని, ఇది అమ్ముడుపోదని రిప్రైజ్ సంస్థ వాళ్లని వదిలేసింది. 2001 సెప్టెంబర్ 18న వాళ్లు ఆల్బమ్ మొత్తాన్ని తమ వెబ్‌సైట్‌లో ఊరికే వినడానికి పెట్టి పర్యటనకి బయల్దేరారు. 2002 ఏప్రిల్‌లో నాన్‌సచ్ సంస్థ డబ్బిచ్చి విడుదల చేసేసరికి, అభిమానులకి మాటలన్నీ నోటికొచ్చేశాయి. రిప్రైజ్, నాన్‌సచ్ రెండూ వార్నర్ గొడుగు కిందివే. ఒకే ఇల్లు ఒకే పాటకి రెండుసార్లు డబ్బు కట్టింది.

న్యూయార్క్ సోనిక్ యూత్ గురించి కాస్త ఆగాలి. శ్రుతి దగ్గరే ప్రయోగం మొదలుపెట్టినవాళ్లు వీళ్లు. 1981 నుంచి గిటార్లని మామూలు శ్రుతిలో కాక తమకు తోచినట్టు బిగించుకుని, కొన్నిటికి తీగల సందుల్లో స్క్రూడ్రైవర్లు దూర్చి వాయించారు. దాంతో పాటకో గిటార్ కావాల్సొచ్చింది. శ్రుతి మార్చే తీరిక వేదిక మీద ఉండదు కదా. వీళ్ల కచేరీ అంటే లారీడు గిటార్లు. 1999 జులైలో దక్షిణ కాలిఫోర్నియాలో ఆ సరంజామా లారీ దొంగలెత్తుకుపోయారు. ఆ గిటార్లు పోతే, ఆ శ్రుతులు పోయినట్టే. ఆ శ్రుతులు పోతే, కొన్ని పాటలు ఇక పాడలేనట్టే. చేతికందిన పాత వాద్యాలతో మొదలుపెట్టి, మరుసటేడాది ‘ఎన్‌వైసీ గోస్ట్స్ అండ్ ఫ్లవర్స్’ అనే వింత ఆల్బమ్ చేశారు. చాలామందికి నచ్చలేదు. నాకిష్టం, ఇల్లు కాలినవాడు కట్టుకున్న పాకలా నిజాయితీగా ఉంటుంది. ఇదే బృందం 2007లో, తమ 1988 నాటి ‘డేడ్రీమ్ నేషన్’ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసతప్పకుండా వాయిస్తూ ఊళ్లు తిరిగింది. దాదాపు ఇరవై ఏళ్ల కిందటి క్రమం, అక్షరం మారకుండా. సాహసం నుంచి సప్తాహానికి. దానికి జనం విరగబడి వచ్చారని వేరే చెప్పనక్కర్లేదు.

ఈ తరంలో నన్ను అన్నిటికంటే కదిలించింది బ్లాక్ కంట్రీ, న్యూ రోడ్. కేంబ్రిడ్జ్ ప్రాంతపు పిల్లలు, ఏడుగురు. వయొలిన్, శాక్సఫోన్ కలిపిన రాక్. లండన్ బ్రిక్స్‌టన్‌లోని విండ్‌మిల్ అనే చిన్న పబ్బులో వాయిస్తూ పేరు తెచ్చుకున్నారు. 2021లో మొదటి ఆల్బమ్. రెండోది ‘యాంట్స్ ఫ్రమ్ అప్ దేర్’ 2022 ఫిబ్రవరి 4న రావాలి. సరిగ్గా నాలుగు రోజుల ముందు గాయకుడు ఐజాక్ వుడ్, తన మనసు బాగోలేదని, బృందం నుంచి తప్పుకుంటున్నానని చెప్పాడు. ఆల్బమ్‌కి పొగడ్తలు ముంచెత్తాయి. పాడాల్సిన మనిషి లేడు.

మిగిలిన ఆరుగురు ఏం చేయొచ్చు? ఇంకో గాయకుణ్ని తెచ్చుకోవచ్చు. తామే ఆ పాటలు పంచుకుని పాడొచ్చు. జనం దానికీ సిద్ధమే. వాళ్లు ఆ రెండు ఆల్బమ్‌ల పాటలు ఇక పాడకూడదని నిర్ణయించుకున్నారు. అవి అతని గొంతు కోసం, అతని మాటలతో పుట్టినవి, అతను లేకుండా ముట్టకూడదనుకున్నారు. పర్యటన రద్దుచేసి, కొద్ది నెలల్లో పూర్తిగా కొత్త పాటలు కట్టుకుని, ఆ వేసవి ఉత్సవాల్లో వాటినే పాడారు. లక్షలమంది విన్న పాటలు ఇంట్లో పెట్టి, ఎవరూ విననివి తీసుకుని వేదికెక్కారు. డిసెంబర్‌లో లండన్ బుష్ హాల్‌లో మూడు కచేరీలు, మూడు రకాల వేషాలతో, బడి వార్షికోత్సవంలో నాటకం వేసినట్టు వాయించి రికార్డు చేశారు. 2023లో వచ్చిన ‘లైవ్ ఎట్ బుష్ హాల్’ అదే. స్టూడియో రూపం లేని పాటలవి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఫరెవర్ హౌలాంగ్’లో పాడిందంతా ముగ్గురు అమ్మాయిలు: టైలర్ హైడ్, జార్జియా ఎలరీ, మే కెర్షా. పేరొక్కటే పాతది, బృందం వేరు. అక్కడక్కడ గొంతులు సరిపోలేదనిపించినా, ఆ బుష్ హాల్ రికార్డింగ్‌లో ఉన్న భయం, ఆ భయం మీద నవ్వు నాకు ఇంకే బ్యాండ్ దగ్గరా దొరకలేదు.

వీళ్లందరినీ పక్కపక్కన పెట్టి చూశాక నాకొకటి తేలింది. ఒక బ్యాండ్ ఎంత మారిందో కొలవాలంటే ఆల్బమ్‌ల వరస కంటే, రేపటి కచేరీకి వాళ్లు ఇంట్లో వదిలేసి వెళ్లే పాటల జాబితా మంచి కొలబద్ద. దాంతోపాటే, వదలకుండా తీసుకెళ్లే పాత పాటని ఎలా తీసుకెళ్తారన్నదీ చూడాలి. ఈ రెండో విషయంలో రేడియోహెడ్‌ని మించినవాళ్లు లేరు.

‘ట్రూ లవ్ వెయిట్స్’నే తీసుకోండి. 1995లో ఒక కచేరీలో యార్క్ గిటార్ మీద పాడాడు. స్టూడియోలో ఎన్నిసార్లు ప్రయత్నించినా కుదరలేదు. అభిమానులు దొంగ రికార్డింగుల్లో దాచుకున్నారు. ఇరవై ఏళ్లు దాటాక, 2016 ఆల్బమ్ చివర్లో స్టూడియో రూపం వచ్చింది. గిటార్ లేదు. ఒకదానితో ఒకటి తాళం కలవని పియానో చినుకులు, వాటి మధ్య నలభై ఏడేళ్ల గొంతు. పడుచువాడి బతిమాలుడు ముసలివాడి జ్ఞాపకమైంది, మాటలు మారకుండానే. ‘న్యూడ్’ కూడా అలాగే దాదాపు పదేళ్లు వేదికల మీద నానింది. ఊరగాయ నానే లెక్కన పాటల్ని నానబెట్టే బృందం ఇది.

2011లో ‘ద కింగ్ ఆఫ్ లింబ్స్’ సంగతి ఇంకా విచిత్రం. వాద్యాల ముక్కల్ని కంప్యూటర్‌లో చక్రాల్లా తిప్పుతూ అల్లిన ఆల్బమది. పొడిగా ఉందన్నారు, నిజమే. దాన్ని వేదిక మీద వాయించాలంటే ఒక డ్రమ్మర్ చాలడు. పోర్టిస్‌హెడ్‌తో వాయించే క్లైవ్ డీమర్‌ని పిలిచి, సెల్వే పక్కన రెండో డ్రమ్ సెట్ వేశారు. ఇద్దరూ ఒకరి తాళం సందుల్లో ఒకరు దూరుతుంటే ఆ ఎండు పాటలకి నెత్తురొచ్చింది. రికార్డు ముసాయిదా, కచేరీ శుద్ధప్రతి. వాళ్లకీ ఇది తెలుసనుకుంటాను. ‘హెయిల్ టు ద థీఫ్’ ఆల్బమ్ పాటలతో 2025 వేసవికి ముందు మాంచెస్టర్‌లో ‘హామ్లెట్’ నాటకం ఆడించారు. ఆ పనికోసం పాత కచేరీ రికార్డింగులు విన్న యార్క్, ఆ వాయింపులో ఊపుకి తనే ఆశ్చర్యపోయానన్నాడు. 2003 నుంచి 2009 దాకా చేసిన ఆ రికార్డింగులే 2025 ఆగస్టులో ఆల్బమ్‌గా వచ్చాయి.

మన దేశంతో వీళ్ల ముడి సన్ననిది గానీ నిజమైనది. 2015లో జానీ జోధ్‌పూర్ మెహరాన్‌గఢ్ కోటలో మకాం పెట్టి, స్వరకర్త షై బెన్ త్జూర్‌తో, రాజస్థానీ గాయకులతో, బ్యాండ్‌మేళంతో కలిసి ‘జునూన్’ రికార్డు చేశాడు. అందులో తన గిటార్‌ని వెనక్కి నెట్టుకుని మేళానికి ముందు చోటిచ్చిన తీరు చూస్తే, ‘కిడ్ ఎ’ రోజుల పాఠం గుర్తొస్తుంది. ఇక మన సాహిత్యానికొస్తే, బెంగళూరు బృందం అగమ్ త్యాగరాజస్వామి ‘మనవ్యాలకించరాదటే’ కీర్తనని రాక్‌లో పాడుతుంది. తెలుగు శ్రోత అక్కడ ఇరకాటంలో పడతాడు. సాహిత్యం కంఠతా వచ్చు, నళినకాంతి రాగం చెవిలో ఉంది, డ్రమ్స్ మాత్రం గుండె మీద పడుతున్నాయి. వాడికి కొత్తా పాతా ఒకే నిమిషంలో వినపడతాయి. ‘క్రీప్’ అడిగే జనానికి రేడియోహెడ్ పెట్టే ఇరకాటం ఇలాంటిదే, తిరగేసి చూస్తే.

అసలు చిక్కు ఇక్కడే. పాతికేళ్లు వన్స్‌మోర్‌ని కాదంటూ వచ్చిన బృందం, చేతిలో కొత్త ఆల్బమ్ లేకుండా 2025లో వేదికెక్కింది. యార్క్, జానీ కొత్తదనం కోసం ‘ద స్మైల్’ అనే వేరే బృందం పెట్టుకుని, డ్రమ్మర్ టామ్ స్కిన్నర్‌తో 2022 నుంచి మూడు ఆల్బమ్‌లు చేశారు. అంటే ప్రయోగం అక్కడ, జ్ఞాపకం ఇక్కడా? ఈ అనుమానం నాకూ కలిగింది. లేదని చెప్పను. ‘డేడ్రీమ్ నేషన్’ సప్తాహం లాంటిదే ఇదీ అవుతుందేమో అనిపించింది.

కానీ మా వాడి తరం ఈ లెక్కని తారుమారు చేసింది. 1997 నాటి ‘లెట్ డౌన్’ 2025 ఆగస్టులో అమెరికా హాట్ 100 పట్టికలోకెక్కింది. చిన్న చిన్న వీడియోల్లో విని పట్టుకున్న పిల్లల పుణ్యం. ఆ పాట పుట్టినప్పటికి వాళ్లలో చాలామంది పుట్టలేదు. వాళ్లకది కొత్త పాట. అలాంటి హాల్లో పాతపాట అంటే ఏమిటో నిర్వచించడం ఎవరి తరం?

ఇంకో భారం కూడా ఈ కచేరీల మీద పడింది. తొలి హిట్టునిచ్చిన ఇజ్రాయెల్‌లో, వద్దని తోటి కళాకారులు బహిరంగంగా అడిగినా, 2017 జులైలో టెల్ అవీవ్‌లో వాయించారు. గాజా యుద్ధం నేపథ్యంలో ఈ పర్యటనని బహిష్కరించాలని పాలస్తీనా పక్షాన బహిష్కరణ ఉద్యమం పిలుపునిచ్చింది. యార్క్ నెతన్యాహు ప్రభుత్వాన్నీ హమాస్‌నీ తప్పుపడుతూ ప్రకటన ఇచ్చాడు. అది చాలనివాళ్లకి చాలలేదు. నా మట్టుకు, పాట ఎంచుకోవడానికి ఇంత ఆలోచించే బృందం ఊరు ఎంచుకునేటప్పుడు అంతే ఆలోచించాల్సింది. టికెట్ కొన్నవాడు ఈ సంగతి తెలిసే లోపలికెళ్లాలి.

మా వాడు ఆ తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. కచేరీకి ముందు ఏం వినమంటావని అడిగాడు. ‘కింగ్ ఆఫ్ లింబ్స్’ ఆల్బమ్ వద్దు, ఇద్దరు డ్రమ్మర్లతో వాయించిన వీడియో చూడమన్నాను. ‘ట్రూ లవ్ వెయిట్స్’ రెండు రూపాలూ ఒకే రాత్రి వినమన్నాను. "సరే మామయ్యా, మరి క్రీప్?" అన్నాడు, వదలకుండా. అది వాళ్లిష్టం, నువ్వు ‘ద నేషనల్ యాంథమ్’ కోసం చెవులు రిక్కించుకుని కూర్చో అన్నాను. ఆ పాటకి జానీ ఒక మామూలు రేడియో పట్టుకుని, ఆ ఊళ్లో ఆ క్షణాన ఏ స్టేషన్ దొరికితే అది పాటలోకి వదులుతాడు. వార్తలు కావచ్చు, వాతావరణం కావచ్చు, ఎవడో సబ్బు అమ్ముకోవడం కావచ్చు. ఆ సంగతి వాడికి తెలీదట.

లండన్‌లో ఆ రాత్రి ఏం పలికిందో ఇంటికొచ్చాక చెప్పరా అన్నాను.